లెక్కల్లోంచి లేచి వచ్చే పాత్రలు

గ్రాగ్ స్ట్రాంగ్‌జా అనే వీరుడి తెలివికి ఉన్న మార్కు 6. మామూలు మనిషికి 10 ఉంటుందని 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట లెక్క. గొడ్డలి ఎత్తితే జట్టులో అతన్ని మించినవాడు లేడు. మాటలో మెలిక ఉంటే మాత్రం పట్టుకోలేడు. అమెరికాలో 2015లో ఇంటర్నెట్ ప్రసారంగా మొదలైన 'క్రిటికల్ రోల్'లో నటుడు ట్రావిస్ విల్లింగ్‌హామ్ ఈ పాత్రను పోషించాడు. డబ్బింగ్ కళాకారులు కొందరు ఒక బల్ల చుట్టూ చేరి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడుకుంటుంటే, లక్షల మంది గంటల తరబడి కూర్చుని చూశారు. ఆ కథను యానిమేషన్‌గా తీస్తామంటే 2019లో అభిమానులు కోటీ పది లక్షల డాలర్లకు పైగా చందాలు ఇచ్చారు. 2022లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా' అలా పుట్టిందే.

గొడ్డలి తిప్పే యోధుడికి తెలివితో పెద్దగా పని ఉండదు. ఉన్న అంకెల్లో అతి చిన్నదాన్ని తెలివి దగ్గర పడేసి, పెద్దవాటిని బలానికి, దేహదారుఢ్యానికి ఇవ్వడం లెక్క తెలిసిన ఆటగాడు ఎవరైనా చేసే పనే. అలా అడుగున పడిన అంకే గ్రాగ్ అమాయకత్వానికి ఆధారమైంది. అతని తప్పటడుగులు, నవ్వు పుట్టించే మాటలు, స్నేహితుల మీద గుడ్డి నమ్మకం అన్నీ ఆ 6 చుట్టూ అల్లుకున్నవే. లెక్క వేసుకునేవాడు పాత్రను పోషించలేడనే వాదనకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

ఆ వాదన ఈనాటిది కాదు. ఈ ఆట ఆడే చోటల్లా రెండు వర్గాలు కనిపిస్తాయి. పాత్రను నియమాలు అనుమతించినంత బలంగా మలచుకునేవాళ్లు ఒక వైపు. దీన్ని ఆప్టిమైజేషన్ అంటారు. పాత్ర ఎవరు, ఎందుకలా మాట్లాడుతుంది, దేనికి భయపడుతుంది అన్నదే ముఖ్యమనేవాళ్లు రెండో వైపు. మొదటివాళ్లను పవర్ గేమర్లనీ మంచ్‌కిన్‌లనీ ఎగతాళి చేయడం ఎప్పటి నుంచో ఉంది. 1980లోనే గ్లెన్ బ్లాకో అనే అమెరికన్ రచయిత 'డిఫరెంట్ వరల్డ్స్' పత్రికలో ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడదీస్తూ పవర్ గేమింగ్‌ను ఒక రకంగా, పాత్రపోషణను మరో రకంగా చూపించాడు. నాలుగు దశాబ్దాలు దాటినా తగాదా తెగలేదు. హైదరాబాద్, బెంగళూరు బోర్డ్ గేమ్ కేఫ్‌లలో, అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లల మధ్య ఇప్పుడిప్పుడే ఈ ఆట పరిచయమవుతోంది. 'స్ట్రేంజర్ థింగ్స్' చూసి సరదా పడ్డవాళ్లు, 'బాల్డర్స్ గేట్ 3' వీడియో గేమ్ నుంచి ఇటు వచ్చినవాళ్లు ఆటతో పాటు ఈ తగాదాను కూడా అరువు తెచ్చుకోకుండా ఉంటే బాగుంటుంది. లెక్కకు, పాత్రకు సహజమైన వైరం లేదు. పేచీ పుట్టేది ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల మధ్య తేడా పెరిగినప్పుడు. ఆ తేడాను పెంచడంలో ఆటగాళ్ల స్వార్థం కంటే నియమాల రాత పాత్రే ఎక్కువ.

ఆట తెలియనివారికి రెండు మాటలు. నలుగురైదుగురు కూర్చుని నోటిమాటతో ఒక కథ నడిపిస్తారు. వారిలో ఒకరు డంజన్ మాస్టర్. ఆ లోకం, అందులోని శత్రువులు, రాజులు, దారిన పోయే దానయ్యలు అంతా ఆ ఒక్కరి చేతిలో ఉంటారు. మిగిలినవారికి తలా ఒక పాత్ర. పాత్ర ఏదైనా కష్టమైన పని తలపెడితే ఇరవై ముఖాల పాచిక వేసి, పడిన అంకెకు పాత్ర సామర్థ్యాన్ని బట్టి వచ్చే అంకెను కలుపుతారు. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు సామర్థ్యాలు. వాటి అంకెలు, ఆయుధాలు, మంత్రాలు, పుట్టుపూర్వోత్తరాలు అన్నీ క్యారెక్టర్ షీట్ అనే కాగితం మీద ఉంటాయి.

ఇప్పుడు ఆ కాగితం ఎంత పని చేస్తుందో చూడాలి. ఇద్దరు కొత్త యోధులు ఒకే రకం పెద్ద కత్తితో ఒకే శత్రువు మీదికి వెళ్లారనుకుందాం. శత్రువుకు దెబ్బ తగలాలంటే మొత్తం 15 రావాలి. మొదటివాడి బలం 16, అతనికి కలిసే అంకె 5. పాచిక మీద 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే చాలు, అంటే 55 శాతం అవకాశం. రెండోవాడి బలం 8, కలిసేది 1. అతనికి 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి, అవకాశం 35 శాతం. దెబ్బ తగిలినప్పుడు మొదటివాడు సగటున 10 పాయింట్ల నష్టం చేస్తే రెండోవాడు 6 చేస్తాడు. రెండూ కలిపి చూస్తే ఒక్కో ప్రయత్నానికి మొదటివాడు 5.5, రెండోవాడు 2.1. రెండున్నర రెట్లకు పైగా తేడా.

రెండోవాడి కథలో 'రాజ్యంలోనే పేరుమోసిన ఖడ్గవీరుడు' అని రాసి ఉందనుకోండి. బల్ల దగ్గర ఎంత గంభీరంగా సంభాషణలు చెప్పినా, యుద్ధం మొదలైన ప్రతిసారీ అతని కత్తి గాలిని కోస్తుంటుంది. అక్కడ దెబ్బతినేది పాత్రపోషణే. పేరుమోసిన వీరుణ్ణి ఆడాలనుకునేవాడు ఆ వీరత్వాన్ని అంకెల్లో కూడా రాసుకోవాలి. ఆ పని చేసినవాణ్ణి పవర్ గేమర్ అని వెక్కిరించడం అన్యాయం.

అసలీ ఆట పుట్టుకలోనే రెండు పాయలు కలిశాయి. 1969లో అమెరికాలోని మిన్నెసోటా జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ తన యుద్ధక్రీడల మిత్రులకు కొత్త ప్రయోగం చూపించాడు. బ్రౌన్‌స్టీన్ అనే ఊహాపట్నంలో ఒక్కొక్కరికీ ఒక్కో మనిషి పాత్ర, వారివారి సొంత ఉద్దేశాలు ఇచ్చాడు. ఆటగాళ్లు సైన్యాలను పక్కనపెట్టి గూడుపుఠాణీల్లో, బేరసారాల్లో మునిగిపోయారు. ప్రయోగం చెడిందని వెస్లీ అనుకున్నాడు, ఆడినవాళ్లేమో మళ్లీ పెట్టమన్నారు. వారిలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ ఆ ఊహను 'బ్లాక్‌మూర్' అనే మాయాలోకంలోకి తీసుకెళ్లాడు. రెండో పాయ విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాది. అక్కడ గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో 'చైన్‌మెయిల్' అనే మధ్యయుగపు యుద్ధక్రీడ నియమాలు అచ్చువేశారు. అందులో ఉన్నది అంకెలు, పట్టికలు, పాచికలు. ఆర్నెసన్, గైగాక్స్ కలిసి 1974లో మొదటి విడతగా వెయ్యి ప్రతులతో తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ రెండింటి సంతానం. లెక్క ఇందులో బయటి నుంచి వచ్చి చేరిన చెడు అలవాటేమీ కాదు, ఆటకు తండ్రుల్లో ఒకటి.

తొలినాళ్లలో ఆటగాడికి ఎంచుకునే వీలు తక్కువ. ఒక్కో సామర్థ్యానికి ఆరు ముఖాల పాచికలు మూడు వేసి, పడిన మొత్తాల్ని వరుసగా రాసుకోవాలి. ఒక సామర్థ్యానికి 18 పడే అవకాశం 216లో ఒకటి. 1978లో వచ్చిన 'అడ్వాన్స్‌డ్' నియమాల్లో ధర్మయోధుడైన పాలడిన్ కావాలంటే ఆకర్షణ కనీసం 17 ఉండాలి. మూడు పాచికలతో అది దొరికే అవకాశం రెండు శాతానికి తక్కువ. మరుసటి ఏడాది డంజన్ మాస్టర్ పుస్తకంలో నాలుగు పాచికలు వేసి చిన్నది తీసేసే పద్ధతి వచ్చాక సగటు 10.5 నుంచి 12.2కి పెరిగింది. 1981లో 'చాంపియన్స్', 1986లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ వారి 'గర్ప్స్' మరో దారి పట్టాయి. ఇన్ని పాయింట్లు ఇస్తాం, మీ మనిషిని మీరే కొనుక్కోండి అన్నాయి. పాత్రను తయారు చేసుకునే స్వేచ్ఛ, దానితోపాటు తెలివిగా ఖర్చుపెట్టాల్సిన బాధ్యత రెండూ ఒకేసారి ఆటగాడి చేతికి వచ్చాయి. ఎంపిక ఇచ్చిన ఆటే, ఎంపిక బాగా చేసినవాణ్ణి తప్పుపట్టడం కుదరదు.

తగాదా బాగా ముదిరింది మాత్రం 2000లో. ఆటను అంతవరకు ప్రచురించిన టీఎస్ఆర్ సంస్థను 1997లో కొనుక్కున్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఆ ఏడాది మూడో ఎడిషన్ తెచ్చింది, 2003లో దాన్ని సవరించి 3.5 అంది. 'ఫీట్లు' అనే ప్రత్యేక నైపుణ్యాలు వందల కొద్దీ, పుస్తకం వెంట పుస్తకం, యోధుడు, మాంత్రికుడు వంటి తరగతుల్లో దేన్నైనా దేనితోనైనా కలుపుకునే వీలు. ఆ ఎడిషన్ ప్రధాన రూపకర్తల్లో ఒకడైన మాంటీ కుక్, నియమాలను బాగా వంటబట్టించుకున్నవారికి లాభం దక్కేలా కావాలనే రాశామని తర్వాత తనే ఒక వ్యాసంలో చెప్పాడు. కొన్ని ఎంపికలు కొన్ని సందర్భాల్లోనే పనికొస్తాయని పుస్తకం చెప్పదు, ఆటగాడే కనిపెట్టాలి.

ఫలితం డ్రూయిడ్, యోధుల మధ్య కనిపించింది. ప్రకృతిని కొలిచే డ్రూయిడ్‌కు, పాత్ర ఎదిగే మెట్లలో తొలిదైన మొదటి లెవెల్‌లోనే తోడుగా ఒక జంతువు వస్తుంది. చాలా బల్లల దగ్గర ఆ జంతువే యోధుడికి దీటుగా పోరాడేది. అయిదో లెవెల్‌లో డ్రూయిడ్ తానే మృగంగా మారగలడు. ఆరో లెవెల్‌లో 'నేచురల్ స్పెల్' అనే ఫీట్ తీసుకుంటే మృగరూపంలో ఉంటూనే మంత్రాలు వేయగలడు. అదే సమయంలో యోధుడికి దక్కేది మరో ఫీట్. ఇక్కడ డ్రూయిడ్ ఆడే అమ్మాయి ఏ కుట్రా చేయలేదు. తనకు నచ్చిన తరగతి తీసుకుంది, అందరూ మంచిదన్న ఫీట్ తీసుకుంది. పక్కనున్న స్నేహితుడు తన వీరుడికి చేసే పనేమీ లేక నెమ్మదిగా ఫోన్ చూసుకోవడం మొదలుపెడతాడు. నింద ఆ అమ్మాయి మీద పడుతుంది. పడాల్సింది పుస్తకం మీద.

ఆ కాలంలోనే పన్‌పన్ అనే కొబోల్డ్ పుట్టింది. 'సర్పెంట్ కింగ్‌డమ్స్' పుస్తకంలోని ఒక ప్రాణి శక్తిని లాఘవంగా వాడుకుంటే, చిన్న బల్లిలాంటి ఈ జీవి సామర్థ్యాలు అనంతం దాకా పెరుగుతాయని లెక్క తేల్చారు. ఆప్టిమైజర్ల పిచ్చికి నిదర్శనంగా దీన్ని ఎత్తిచూపేవారు ఉన్నారు. నిజానికి పన్‌పన్‌ను ఎవరూ బల్ల దగ్గరకు తీసుకెళ్లి ఆడటానికి తయారు చేయలేదు. నియమాలు ఎక్కడ తెగుతాయో చూసే మేధావ్యాయామం అది. చదరంగంలో మామూలు ఆటలో ఎదురుకాని స్థితులను కల్పించి పరిష్కరించే సమస్యల్లాంటి అభిరుచి. ఆ సరదాను సరదాగా వదిలేయాలి.

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ తరగతులన్నిటినీ దాదాపు ఒకే చట్రంలో పెట్టి అసమానతను చాలావరకు సరిచేసింది. అన్నీ ఒకేలా ఉన్నాయని చాలామంది దాన్ని వదిలి, పాత 3.5 మీదే కట్టిన 'పాత్‌ఫైండర్'కు వెళ్లిపోయారు. సమానత్వం ఒక్కటే సరిపోదని, తమ పాత్ర తమదిగా అనిపించాలని వారు కోరుకున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు.

ఆప్టిమైజేషన్‌ను సమర్థించేవారు తరచూ 'స్టార్మ్‌విండ్ ఫాలసీ' అనే మాట వాడతారు. లెక్క బాగా వేసినంత మాత్రాన పాత్రపోషణ చెడదు, లెక్క సరిగా వేయనంత మాత్రాన నటన గొప్పదైపోదు, ఒకటి ఉంటే రెండోది ఉండదనడం తర్కదోషం అని దాని సారాంశం. తర్కంగా ఇది నూటికి నూరు పాళ్లు నిజం. కాకపోతే ఒక విషయాన్ని ఇది పట్టించుకోదు. బల్ల దగ్గర ఉన్నది నాలుగు గంటల సమయం, అయిదుగురి ఓపిక. మన పద్యనాటకాల్లో కృష్ణుడికి గొంతు ఉండి తీరాలి. అయితే రాగం సాగదీసి, వన్స్ మోర్ కేకలకు మళ్లీ అందుకుని, అవతల కూర్చున్న దుర్యోధనుణ్ణి అరగంట కట్టేసి కూర్చోబెడితే నాటకం ఆగిపోతుంది. పాట బాగుందా లేదా అన్న ప్రశ్న అప్పుడు వెనక్కి వెళుతుంది. ప్రతి యుద్ధంలో ఒకే పాత్ర ఆరు పాచికలు వేసి, మూడు నియమాలు వాదించి, శత్రువును తనొక్కడే కూల్చేస్తే మిగతా నలుగురూ ప్రేక్షకులైపోతారు. అదే బల్ల దగ్గర తన విషాద గతాన్ని అరగంట ఏకపాత్రాభినయంగా చెప్పుకుపోయే ఆటగాడు చేసేదీ సరిగ్గా అదే తప్పు. దాన్ని మాత్రం 'మంచి పాత్రపోషణ' అని మెచ్చుకుంటారు. ఈ పక్షపాతం పోవాలి.

బలహీనతల సంగతి ఇంకా ఆసక్తికరం. గర్ప్స్ వంటి ఆటల్లో లోపాలు తీసుకుంటే అదనపు పాయింట్లు వస్తాయి. ఉద్దేశం మంచిదే. కానీ ఎడారిలో నడిచే కథకు సముద్రమంటే భయపడే పాత్రను తెచ్చి పాయింట్లు జేబులో వేసుకోవచ్చు. 'ఫేట్' అనే మరో ఆట ఈ చిక్కును అందంగా విప్పింది. అక్కడ లోపం కాగితం మీద ఉన్నంత మాత్రాన ఏమీ రాదు. కథలో అది పాత్రను నిజంగా ఇబ్బంది పెట్టినప్పుడే ఆటగాడికి ఫేట్ పాయింటు దక్కుతుంది. ఆ పాయింటుతో తర్వాత గెలవొచ్చు. లెక్క తెలిసినవాడు లాభం కోసమైనా తన లోపాన్ని బయటపెట్టుకోవాల్సిందే. 1981లో శాండీ పీటర్సన్ రాసిన 'కాల్ ఆఫ్ కథుల్హు' ఇంకా ముందే వేరే దారి చూపింది. అందులో పాత్రలు ప్రొఫెసర్లు, విలేకరులు, గ్రంథాలయాల్లో పాత పుస్తకాలు తిరగేసేవాళ్లు. అసలు రహస్యం గురించి ఎంత ఎక్కువ తెలిస్తే మానసిక స్థిమితం గరిష్ఠ పరిమితి అంత తగ్గుతుంది. అక్కడ లెక్కే కథ చెబుతుంది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణా ఉంది. 1991లో 'వాంపైర్: ది మాస్కరేడ్' తనను తాను కథాకథన క్రీడగా ప్రకటించుకుంది. మనిషితనాన్ని కోల్పోతున్న రక్తపిశాచి వేదన దాని ఇతివృత్తం. అయితే 'సెలరిటీ' అనే శక్తి ఉన్న పాత్రకు ఒకే వంతులో అదనపు చర్యలు దొరికేవి. చాలా చోట్ల అది కోరలున్న సూపర్ హీరోల ఆటగా మారింది. ముందుమాటలో ఏం రాసినా, ఆటగాళ్లు నియమాలు దేనికి ప్రతిఫలం ఇస్తే అటే నడుస్తారు.

'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో పాత్రల జాతుల విషయంలో జరిగిన మార్పు దీన్ని మరింత స్పష్టం చేస్తుంది. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో హాఫ్-ఆర్క్ జాతికి బలంలో 2, దారుఢ్యంలో 1 కలిసేవి, నోమ్ జాతికి తెలివిలో 2 కలిసేవి. మాంత్రికుడికి కావలసింది తెలివి. ఊరివాళ్లు రాళ్లు విసురుతుంటే దొంగచాటుగా చదువు నేర్చుకున్న హాఫ్-ఆర్క్ మాంత్రికుడు ఎంత మంచి కథ! ఆ కథ కోరుకున్నవాడు జట్టులో బలహీనుడిగా మిగిలేవాడు. 2020లో 'తాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్' ఆ అదనపు అంకెల్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చని చెప్పడంతో ఆ జరిమానా పోయింది. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వాటిని పాత్ర గతానికి ముడిపెట్టింది. పండితుడిగా గడిపినవాడికి తెలివి పెంచుకునే వీలుంటుంది, సైనికుడిగా గడిపినవాడికి ఉండదు. దాంతో సైనికుడిగా పనిచేసి మాంత్రికుడైన మనిషి మళ్లీ వెనకబడ్డాడు. డంజన్ మాస్టర్ తలుచుకుంటే వేరే గతం తయారు చేసుకునే వీలు ఉంది. ఆ వీలును ఉదారంగా వాడాలి.

అంకెల కోసం చేసిన ఎంపికలోంచి కథ పుట్టించుకోవడం ఎలాగో చూపే ఉదాహరణ పాలడిన్లది. 2017లో వచ్చిన ఒక అనుబంధ పుస్తకం తర్వాత, పాలడిన్ ఒక్క లెవెల్ 'హెక్స్‌బ్లేడ్' వార్లాక్‌గా తీసుకుంటే బలానికి బదులు ఆకర్షణతోనే కత్తి తిప్పవచ్చు. లెక్క ప్రకారం గొప్ప బేరం. వార్లాక్ అంటే ఏదో చీకటి శక్తితో ఒప్పందం చేసుకున్నవాడు. ధర్మానికి ప్రమాణం చేసిన యోధుడు ఎవరితో ఒప్పందం చేసుకున్నాడు? ఎందుకు? ఆ శక్తి బదులుగా ఏం అడిగింది? తన గురువుకు ఈ సంగతి చెప్పాడా? 'ఏం లేదు, అంకె కోసం తీసుకున్నా' అనేవాడు ఒక నవలకు సరిపడా సరుకును చేతులారా పారేసుకుంటున్నాడు. అదే ఎంపికను తన పాత్ర పాపంగా మోసేవాడికి, కాగితం మీద ఆ ఒక్క లెవెలే కథకు ఇంధనం. ఇద్దరి అంకెలూ ఒకటే.

లెక్క, పాత్ర ఒకే క్షణంలో కలిసిన సంఘటన మళ్లీ 'క్రిటికల్ రోల్'లోనే ఉంది. 2017లో, మొదటి కథ చివరి యుద్ధం. శత్రువు వెక్నా మాయమై తప్పించుకోబోతున్నాడు. శామ్ రీగెల్ పోషించిన గాయకుడు స్కాన్లన్‌కు రోజుకు ఒక్కసారే వాడగల తొమ్మిదో స్థాయి మంత్రశక్తి మిగిలింది. ఏ కోరికనైనా తీర్చగల 'విష్' మంత్రం కోసం దాన్ని దాచుకున్నాడు. లియమ్ ఓబ్రయన్ పోషించిన వ్యాక్స్, మృత్యుదేవతకు మాటిచ్చి యుద్ధం ముగిశాక వెళ్లిపోవాల్సి ఉంది. అతన్ని ఆ మంత్రంతో కాపాడాలని స్కాన్లన్ ఆశ. అప్పటి నియమాల ప్రకారం శత్రు మంత్రాన్ని కచ్చితంగా ఆపాలంటే దాని స్థాయికి తగ్గని స్థాయితో 'కౌంటర్‌స్పెల్' వేయాల్సి ఉండేది. చిన్న స్థాయితో వేస్తే పాచిక దయ. స్కాన్లన్ తొమ్మిదో స్థాయిని ఖర్చుపెట్టేశాడు. వెక్నా ఆగిపోయాడు. స్నేహితుణ్ణి కాపాడే దారి మూసుకుపోయింది. ఆ పని చేస్తుంటే శామ్ రీగెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆట దృష్టితో అది అత్యుత్తమ ఎత్తు. కథ దృష్టితో అంతకంటే బరువైన నిర్ణయం ఆ ఏళ్ల ప్రయాణంలో అరుదు. మంత్రాల స్థాయిలు, మిగిలిన శక్తి లెక్క కంఠతా లేని ఆటగాడు ఆ సన్నివేశాన్ని పండించలేడు.

కొత్తగా మొదలుపెట్టే బల్లలకు ఇక్కడ చేయగలిగిన పని ఒకటుంది. ఆట ప్రారంభానికి ముందు ఒక పూట అందరూ కూర్చుని పాత్రల్ని కలిసి తయారు చేసుకోవాలి. దీన్ని 'సెషన్ జీరో' అంటారు. యుద్ధాలు ఎన్ని ఉంటాయి, రాజకీయాలు ఎంత, పాత్రలు చనిపోవచ్చా, ఎవరికి ఏ రంగంలో మెరవాలని ఉంది అన్నవి అప్పుడే తేలుతాయి. లెక్క బాగా తెలిసినవారు ఆ పూట తమ జ్ఞానాన్ని పక్కవారికి పంచాలి. బలం 8తో ఖడ్గవీరుణ్ణి రాసుకున్న స్నేహితుడికి 'నీ కథ మార్చకు, అంకెలు ఇలా సర్దుకో' అని చెప్పగలిగేది వాళ్లే. అలా సర్దిన అయిదు పాత్రలు దాదాపు సమాన బలంతో బయలుదేరితే, డంజన్ మాస్టర్‌కు ఒక పాత్ర కోసం శత్రువును పెంచి మరో పాత్రను చంపే ఇరకాటం ఉండదు. 2024 డంజన్ మాస్టర్స్ గైడ్ నియమాలను భౌతికశాస్త్రంలా పట్టుకుని లాగవద్దని, సద్భావంతో అర్థం చేసుకోవాలని ఆటగాళ్లకు చెప్పమంటుంది. ఆ సలహా మంచిదే. అయితే పుస్తకాలు రాసేవారి మీదా అంతే బాధ్యత ఉంది. అన్ని ఎంపికల్లోకీ ఒకటి మరీ బలమైనదైతే దాన్ని సవరించాలి. 2014 నాటి 'గ్రేట్ వెపన్ మాస్టర్' ఫీట్ దాడికి వేసే పాచిక మొత్తంలో 5 తగ్గించి, దెబ్బ తగిలితే నష్టానికి 10 కలిపేది. పెద్ద ఆయుధం పట్టిన ప్రతివాడూ దాన్నే తీసుకున్నాడు. పదేళ్ల తర్వాత 2024లో ఆ బేరాన్ని తీసేశారు. ఆ పదేళ్లూ దాన్ని తీసుకున్న కుర్రాళ్లు బల్లల దగ్గర అత్యాశపరులనే మాట పడ్డారు.